మారిన అకౌంటు

ఆ ఫ్యాక్సు కాగితం చేతికి వచ్చిన దగ్గర్నుంచి నాగమణికి కాలు ఒకచోట నిలవలేదు. కాగితంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. పైన కంపెనీ పేరు అచ్చులో ఉంది. కింద సంతకం, సంతకం మీద గుండ్రటి ముద్ర. మధ్యలో ఉన్నది కూడా సాదా సంగతే: ఆడిట్ పనుల వల్ల మా పాత బ్యాంకు ఖాతా వాడడం లేదు, మీరు కట్టవలసిన పద్నాలుగు లక్షలూ చెన్నైలో ఉన్న ఈ కొత్త ఖాతాకి పంపగలరు. దొరబాబు దాన్ని ఒకసారి చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాగమణి అడిగి తీసుకుని చదివింది. వంటింట్లోకి వెళ్ళి పప్పు పొయ్యి మీద పడేసి వచ్చి మళ్ళీ చదివింది.

"ఏంటొదినా, పరీక్షకి చదువుతున్నట్టు?" అన్నాడు దొరబాబు.

"కంపెనీ కోయంబత్తూరులో ఉంటే అకౌంటు చెన్నైలో ఎందుకుంటది?"

"పెద్ద కంపెనీ అన్నాక సవాలక్ష చోట్ల ఉంటాయి. శివశంకర్ గారు ఫోన్లో చెప్పనే చెప్పేరు కదా."

దొరబాబు ఆమె మరిది. అల్లవరం దాటాక కాలవ గట్టు పక్కన వాళ్ళకి కొబ్బరి పీచు మిల్లు ఉంది. చుట్టుపక్కల తోటల్లోంచి కొబ్బరి డొక్కలు కొని, నానబెట్టి, మిషనులో వేసి పీచు తీసి, మోపులు కట్టి లారీలకెత్తుతారు. మిల్లు నాగమణి భర్త రాఘవులు పెట్టింది. రాఘవులు ఆరేళ్ళుగా కువైట్‌లో ఉన్నాడు. ఇక్కడ పనివాళ్ళనీ లెక్కనీ నాగమణి చూసుకుంటుంది, బయట తిరుగుడంతా దొరబాబుది. సెకండ్ హ్యాండులో కొన్న మిషను అరిగిపోయి, నడిచే రోజులకంటే ఆగే రోజులు ఎక్కువయ్యాయి. కొత్త మిషను దిగితే తాను వచ్చేసి ఇక్కడే ఉంటానని రాఘవులు అన్నాడు. డబ్బులో సగం అతను పంపింది, సగం బ్యాంకు అప్పు. రెండు వేల ఏడో సంవత్సరం వేసవి అది. అంత సొమ్ము ఒక్కసారిగా వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళడం అదే మొదలు.

మిషను అమ్ముతున్నది పొన్ని ఇంజినీరింగ్ అనే కంపెనీ. దాని తరఫున ఈ జిల్లాలో తిరిగే మనిషి శివశంకర్. రాజమండ్రి నుంచి మోటారు సైకిలు మీద వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నేరుగా మిల్లులోకి వెళ్ళి, చొక్కా చేతులు మడిచి, పాత మిషను బెల్టు తానే బిగించి చూసేవాడు. నాగమణిని అక్కగారూ అని పిలిచేవాడు. వాళ్ళింట్లో మూడుసార్లు భోంచేశాడు. మామిడికాయ పప్పు మారు వడ్డించుకుని, తన తల్లి కూడా ఇలాగే చేసేదని, ఆవిడ పోయాక ఇన్నాళ్ళకి తిన్నానని అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని కళ్ళు నిజంగానే తడిశాయి. అందుకే నాగమణికి అనుమానం కంటే, అనుమానపడుతున్నందుకు తన మీద తనకి చిరాకు ఎక్కువగా ఉంది.

రాఘవులు శుక్రవారం ఫోన్ చేసినప్పుడు కూడా ఆ సంగతే చెప్పింది.

"అడ్డమైన ఆలోచనలూ పెట్టుకోకు," అన్నాడతను. "రేపు పంపకపోతే రేటు పెరిగిపోద్దంట. దొరబాబు చూసుకుంటాడులే."

మర్నాడు వదినా మరుదులు అమలాపురం వెళ్ళారు. దారిలో నాగమణి పట్టుబట్టి నెట్ సెంటరులో కంపెనీ పేరు కొట్టించింది. ఏవేవో బొమ్మలొచ్చాయి, పొన్ని బియ్యం అమ్మేవాళ్ళొచ్చారు, మిషను కంపెనీ మాత్రం రాలేదు. దొరబాబు గడియారం చూసుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. శనివారం, బ్యాంకు మధ్యాహ్నానికే మూసేస్తారు.

బ్యాంకులో వాళ్ళ అప్పు చూసే ఆఫీసరు ప్రసాద్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, దొరబాబు నింపిన ఫారం తీసుకుని, అంకెలు పైకి చదివాడు.

"పంపించమంటారాండీ?"

నాగమణి కుర్చీ అంచున కూర్చుంది. "ఏవండీ, నెంబరు ఒకరిదై, పేరు ఇంకొకరిదైతే డబ్బు తిరిగొచ్చేస్తాదాండీ?"

"నెంబరును బట్టే పడుతుందండి. పేరు అక్కడివాళ్ళు సరిచూస్తారని నమ్మకం పెట్టుకోకూడదు."

"పడ్డాక, పొరపాటని వెనక్కి తెచ్చుకోవచ్చాండీ?"

ప్రసాద్ కలం కింద పెట్టాడు. "కష్టమండి. అనుమానం ఉంటే కంపెనీకే ఫోన్ చేసి అడగండి. ఇప్పుడే చేయండి, నేను ఆగుతాను."

దొరబాబు వెంటనే ఫ్యాక్సు కాగితం మీదున్న నెంబరు కలిపి ఫోను ఆమె చేతికిచ్చాడు. అవతల ఒక మగమనిషి ఇంగ్లీషులో పలికాడు. కంపెనీ పేరు చెప్పాడు. అవును మేడం, ఖాతా మారింది, అదే నెంబరు, అన్నాడు. అంకెలు కూడా చదివాడు, ఒక్కటీ తప్పు లేదు.

"అయిందా?" అన్నాడు దొరబాబు.

నాగమణి ఫోను ఇచ్చేసింది. అవ్వాలి నిజానికి. కానీ ఆ కాగితం పంపినవాడే ఆ నెంబరూ పంపాడు. అంతకుముందు మిషను ధర రాసిచ్చిన కాగితం తెచ్చింది కూడా శివశంకరే, దాని మీదున్న నెంబర్లూ అతను తెచ్చినవే. ఈ కొనుగోలు గురించి తమకి తెలిసినదంతా ఒక్క మనిషి నోటి నుంచి వచ్చిందేనని ఆ కుర్చీలో కూర్చుని ఉండగా ఆమెకి తట్టింది.

"ఫారం ఇచ్చేయండి ప్రసాద్ గారూ. సోమవారం వస్తాం."

దొరబాబు బ్యాంకు బయటికి వచ్చేదాకా ఆగాడు. మెట్ల మీద ఇక ఆగలేకపోయాడు.

"పదిమందిలో నన్ను ఎందుకూ పనికిరానోణ్ణి చేసేవు కదొదినా. రేటు పెరిగితే అన్నయ్యకి నువ్వే చెప్పుకో."

"చెప్పుకుంటాన్లే. నువ్వు ఇంటికెళ్ళు."

"నువ్వెక్కడికి?"

"అప్పనపల్లి."

దొరబాబు మొహం మారిపోయింది. అప్పనపల్లిలో వాళ్ళకి తెలిసినవాడు ఒక్కడే, వీర్రాజు. అతనితో ఈ ఇంటికి మాటల్లేవు.

వీర్రాజూ రాఘవులూ ఒకప్పుడు భాగస్తులు. ఇద్దరూ కలిసి కోయంబత్తూరు వెళ్ళి, పొన్ని కంపెనీలోనే జంటగా రెండు మిషన్లు కొని తెచ్చారు. అల్లవరంలో మిల్లు పెట్టిన మూడో వేసవిలో డొక్కల గుట్టకి నిప్పంటుకుంది. ఒక మిషను, షెడ్డు, అందులో ఉన్న కంపెనీ కాగితాలు, ఎండబెట్టిన పీచంతా బూడిదయ్యాయి. ఆ పూట బుర్ర పనిచెయ్యక రాఘవులు ఊరందరి ముందూ, ఇన్సూరెన్సు కోసం నువ్వే అంటించావురా అని వీర్రాజుని అన్నాడు. వీర్రాజు మారు మాట్లాడలేదు. మిగిలిన మిషను విప్పించి, పడవకెక్కించి, వైనతేయ నది అవతలికి తీసుకుపోయాడు. ఆ మిషను ఇప్పటికీ నడుస్తోంది. దాని మీద కంపెనీ బిగించిన రేకు ఉంటుంది, రేకు మీద ఫోన్ నెంబరు ఉంటుంది. శివశంకర్ ఆ ఉద్యోగంలోకి రాకముందు కొట్టిన నెంబరు అది.

బోడసకుర్రు రేవులో పడవ నిండా అప్పనపల్లి గుళ్ళో బాల బాలాజీ దర్శనానికి వెళ్ళే జనం. నాగమణి చెక్క మీద చోటున్నా కూర్చోలేకపోయింది. ఏమని అడగాలో నాలుగు రకాలుగా అనుకుంది. గుమ్మంలోంచే పొమ్మంటే ఏం చెయ్యాలో అనుకుంది. మధ్యలో శివశంకర్ ఫోన్ వచ్చింది. తియ్యలేదు. మళ్ళీ వచ్చింది. పక్కనున్న ముసలావిడ, "ఎత్తమ్మా, ఎవరో పాపం," అంది. నాగమణి ఫోను కొంగులో చుట్టేసింది.

వీర్రాజు మిల్లు ఇంటి పెరట్లోనే ఉంది. ముందు చూసింది అతని భార్య బుల్లెమ్మ. చేటలో బియ్యం అలాగే ఆగిపోయాయి. కాసేపు ఏ మొహం పెట్టాలో తెలియక, చివరికి అలవాటైన మాటే అంది.

"రామ్మా. ఎండన పడొచ్చేవు. మంచినీళ్ళు తాగు."

వీర్రాజు పీచు దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. జుట్టు బాగా నెరిసింది. నిలబడే అడిగాడు, "ఏం పని మీదొచ్చేరండీ?"

ఒకప్పుడు ఆమెని చెల్లెమ్మా అనేవాడు. నాగమణి అది పట్టించుకోనట్టే చెప్పింది. "పొన్నివాళ్ళ దగ్గర మిషను కొంటున్నామండి. డబ్బు పంపే ముందు వాళ్ళతో నేరుగా మాట్లాడదామని. మీ మిషను రేకు మీద నెంబరుంటది కదా, చూసుకుని వెళ్ళిపోతాను."

వీర్రాజు మొహం కొంచెం విప్పారింది. అందులో కాస్త గొప్ప కూడా కనిపించింది.

"పొన్నివాళ్ళదేనా? నేనూ కట్టేనండి, కొత్తది. ఇప్పుడున్నదాని కంటే పెద్దది. డబ్బు పంపి మూడు వారాలైంది, వచ్చే వారం దిగుద్ది. అదుగో, దిమ్మ కూడా పోయించేను." షెడ్డు పక్కన కొత్త సిమెంటు దిమ్మ మీద తడి గోనెసంచులు పరిచి ఉన్నాయి. "రేకు మీది నెంబరెందుకు? శివశంకర్ నెంబరిస్తాను. మంచి కుర్రోడు."

నాగమణి చేతిలో గ్లాసు ఉంది, కానీ తాగలేదు.

"మీరు డబ్బు ఎక్కడికి పంపేరండీ? కోయంబత్తూరుకా?"

"లేదండి, చెన్నై. ఏదో ఆడిట్టంట, అకౌంటు మారిందని కాగితం పంపేరు."

ఆమె సంచిలోంచి ఫ్యాక్సు తీసి ఇచ్చింది. అతను కళ్ళజోడు పెట్టుకుని చదువుతుంటే ఆమె గోనెసంచుల కేసి చూస్తూ నిలబడింది. అప్పుడే వెనక్కి తిరిగి పడవెక్కి వెళ్ళిపోవాలనిపించింది. తన సంగతి తేలిపోయినట్టే. ఇక అడగాల్సిందల్లా ఈ మనిషి కోసమే.

"ఇదే కాగితం," అన్నాడు వీర్రాజు. "డబ్బు అంకె తప్ప నాకొచ్చిందీ ఇదే. అయితే ఏంటండీ?"

"ఏమీ కాకపోవచ్చు. ఒకసారి శివశంకర్ ఇచ్చిన నెంబరు కాకుండా, ఇంకో నెంబరుకి చేసి అడుగుదాం."

అతను ఆమె మొహం చూశాడు. వెళ్ళి మోటారు ఆపేశాడు. అంతసేపూ చెవుల్లో మోగిన చప్పుడు ఒక్కసారిగా పోయేసరికి పనివాళ్ళు తలలెత్తి చూశారు. మిషను పక్కన కూర్చుని, దుమ్ము పట్టిన రేకుని తువ్వాలుతో తుడిచాడు. అంకెలు కనిపించాయి. పాతకాలపు నెంబరు, ఒక అంకె తక్కువ. టెలిఫోనువాళ్ళు అన్ని నెంబర్ల ముందూ 2 అంకె చేర్చారు కదా అని నాగమణి గుర్తుచేసింది.

ఇంట్లో ఫోను దగ్గర బుల్లెమ్మ కూడా వచ్చి నిలబడింది. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఒక పెద్దాయన అరవంలో పలికాడు. నాగమణి తెలుగులో మొదలుపెట్టేసరికి ఆయనా తెలుగులోకి వచ్చాడు. కోయంబత్తూరు వైపు తెలుగు, యాస వేరుగా ఉంది గాని మాట స్పష్టంగా ఉంది.

"పొన్ని ఇంజినీరింగే అమ్మా. మా బ్యాంకు మారలేదే. ముప్ఫై ఏండ్లుగా ఒకే బ్యాంకు. ఎవరు చెప్పినది?"

"శివశంకర్ అని, మీ ఏజెంటండి, రాజమండ్రి."

"ఆ పిల్లగాడా! మావద్ద నుంచి పోయి ఏడాది దాటె. పోయేటప్పుడు మా లెటర్లు, రబ్బరు స్టాంపు కూడా ఎత్తుకొని పోయినాడు. డబ్బు పంపించితిరా ఏమమ్మా?"

"మేం పంపలేదండి." అని, తర్వాతి మాట కోసం ఆమె కాస్త ఆగవలసి వచ్చింది. "అప్పనపల్లి వీర్రాజు గారి పేరు మీద మిషను ఆర్డరేదైనా ఉందాండీ?"

కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. లేదన్నాడాయన.

నాగమణి ఫోను పెట్టేసింది. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. వీర్రాజు అప్పటికే గుమ్మానికి చేరబడి కింద కూర్చున్నాడు. తొమ్మిది లక్షలు పంపానన్నాడు. లంకలో కౌలుకిచ్చిన పొలం చెక్క అమ్మేశానన్నాడు. బుల్లెమ్మ ఏడవలేదు. లోపలికి వెళ్ళి, బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళింది.

"ఈ మాట చెప్పడానికే వచ్చేవా?" అన్నాడు వీర్రాజు హఠాత్తుగా. అండీ పోయింది. "మీ ఆయన అనాల్సింది అనేడు. ఇప్పుడు నువ్వొచ్చి ఈ ముక్క చెవినేసి పోతున్నావు."

"నాకు తెలీదండీ. మీరు కట్టేరని తెలిస్తే ఇలా వచ్చుండేదాన్ని కాదు."

"రాకుండా ఏం చేద్దువు? నన్ను దిమ్మ చూసుకుంటూ కూర్చోనిద్దువా?"

అంతలో కొంగులో ఫోను మోగింది. శివశంకర్. వీర్రాజు ఫోను మీద ఆ పేరు చదివి చెయ్యి చాపాడు. నాగమణి రెండడుగులు వెనక్కి వేసి, అరచెయ్యి అడ్డం పెట్టి, మాట్లాడొద్దని సైగ చేసింది. ఫోనెత్తింది. అంతకుముందెప్పుడూ ఆ పని చేసి ఎరగదు, కానీ అబద్ధం దానంతటదే బయటికి వచ్చింది.

"ఆయ్, చెప్పండి శివశంకర్ గారూ. పంపుదామనే వెళ్ళేమండి. బ్యాంకులో కంప్యూటర్లు పనిచెయ్యట్లేదంట. సోమవారం పొద్దున్నే పంపేస్తాం."

"రేటు సంగతి మరి..."

"ఆ రెండ్రోజులూ ఆపించండి బాబూ, మీరు చెబితే వింటారు. మీరూ రాకూడదూ సోమవారం? మీ ఎదురుగానే వేసేస్తే నాకూ భయముండదు. భోజనం మా ఇంట్లోనే."

"తప్పకుండా అక్కగారూ," అన్నాడతను.

ఫోను పెట్టేశాక నాగమణి అక్కడే పీట మీద కూర్చుంది. వీర్రాజు లేచి, చొక్కా తగిలించుకుని, తను డబ్బు పంపిన రసీదు కోసం పెట్టె తెరిచాడు.

ఆ సాయంత్రం బుల్లెమ్మతో సహా ముగ్గురూ ఒకే పడవలో ఇవతలికి వచ్చారు. రేవులో దొరబాబు మోటారు సైకిలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వదినని తిట్టుకుంటూనే వచ్చానని తర్వాత చెప్పాడు. సంగతి విని మొహం పాలిపోయింది. ఒక్క మాట కూడా ఎదురాడకుండా వీర్రాజుని వెనక ఎక్కించుకుని అమలాపురం స్టేషనుకి తీసుకెళ్ళాడు. నాగమణి ఫోన్ చేసి చెబితే ప్రసాద్ తన ఇంటి దగ్గర్నుంచే చెన్నైలో ఆ బ్యాంకువాళ్ళని ఎలాగో పట్టుకున్నాడు. పోలీసుల కాగితం వస్తే ఖాతా ఆపుతామన్నారు. ఆదివారమంతా ఆ కాగితం కోసం తిరగడంతోనే సరిపోయింది. వీర్రాజు డబ్బులో ఇంకా ఎంత మిగిలుందో, మిగిలుందో లేదో ఎవరికీ తెలియదు. నాగమణి వండింది గాని ఎవరూ సరిగ్గా తినలేదు. బుల్లెమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని, ఆగిన ప్రతి బండినీ తలెత్తి చూసింది.

సోమవారం శివశంకర్ రాలేదు. బ్యాంకు ఎదురుగా టీ దుకాణంలో మఫ్టీలో కూర్చున్న పోలీసులు మధ్యాహ్నం దాకా ఎదురుచూశారు. అతని దగ్గర్నుంచి ఫోన్లు కూడా ఆగిపోయాయి. కానీ పద్నాలుగు లక్షలు పడతాయన్న ఆశతో అతను చెన్నై ఖాతాని ఖాళీ చెయ్యకుండా ఉంచాడు. పోలీసుల కాగితం అందాక ఐదు లక్షల చిల్లర అందులోనే ఆగింది. మిగతాది పోయింది.

శుక్రవారం రాఘవులు ఫోన్ చేశాడు. నాగమణి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. "వీర్రాజు ఉన్నాడా అక్కడ?" అన్నాడతను అంతా విని. ఉన్నాడు. ఫోనిచ్చి ఆమె అవతలికి వెళ్ళిపోయింది. ఏం మాట్లాడుకున్నారో ఆమె అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. వీర్రాజు బయటికి వచ్చి, "కార్డులో డబ్బులైపోయినట్టున్నాయి, కట్టైపోయింది చెల్లెమ్మా," అన్నాడంతే.

మిషను డబ్బు నాగమణి అలా పంపలేదు. దొరబాబుని తీసుకుని కోయంబత్తూరు వెళ్ళింది. కంపెనీ షెడ్డు కళ్ళతో చూసి, ఆ పెద్దాయన ఎదుట కూర్చుని, ఖాతా నెంబరు ఆయన చేతే రాయించి, ఆయన పిలిపించిన బ్యాంకు మనిషి చేత కూడా చదివించుకుని, అప్పుడు అమలాపురం ఫోన్ చేసి ప్రసాద్‌ని పంపమంది. మిషను వానలు మొదలయ్యాక దిగింది. వీర్రాజుకి కోర్టు నుంచి డబ్బు వచ్చేదాకా అతని పాత మిషను పట్టలేని డొక్కలు అల్లవరం మిల్లులోనే ఆడాయి. దొరబాబుకి ఆ ఏర్పాటు మొదట్లో మింగుడు పడలేదు. పనివాళ్ళ దగ్గర గొణిగేవాడు, వీర్రాజు ఎదురుపడితే మాత్రం స్టూలు జరిపేవాడు.

నాగమణికి మాత్రం ఆ వేసవిలో పట్టుకున్న అలజడి అంత తేలిగ్గా వదల్లేదు. లారీవాడు కొత్త డ్రైవర్ని పంపితే యజమానికి ఫోన్ చేసి అడిగేది. పాలవాడు తమ్ముణ్ణి పంపినా ఒకటికి రెండుసార్లు చూసేది. ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెడుతూ, ఈ మనిషి చెప్పేదంతా ఇంకెవర్నైనా అడిగితే నిలుస్తుందా అని లోపల లోపల ఆలోచించేది. అలా ఆలోచించడం ఆమెకి నచ్చేది కాదు.

శివశంకర్ మరుసటేడు విజయవాడలో దొరికాడు. సాక్ష్యం ఇవ్వడానికి నాగమణీ వీర్రాజూ బుల్లెమ్మా కోర్టుకి వెళ్ళారు. వీర్రాజు ప్లీడరుతో మాట్లాడుతుండగా వరండాలో ఇద్దరు పోలీసుల మధ్య శివశంకర్ నాగమణికి ఎదురొచ్చాడు. చిక్కిపోయాడు. చొక్కా మాత్రం ఇస్త్రీ మడత నలగలేదు. ఆమెని చూసి ఆగాడు.

"బావున్నారా అక్కగారూ?" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. "మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు కదండీ నేను."

అనాల్సిన మాటలు ఆమె బస్సులో వస్తూ ఎన్నో కూడగట్టుకుంది. లంక చెక్క సంగతి, బుల్లెమ్మ వాకిట్లో కూర్చున్న సంగతి, తల్లి వంట అని అన్నం తిన్న సంగతి. అవన్నీ ఉండగా అలవాటు కొద్దీ, "ఆయ్, బావున్నానండీ," అనేసింది. పోలీసు అతన్ని ముందుకి నడిపించాడు.

స్తంభం వెనకనుంచి బుల్లెమ్మ వచ్చింది. "ఏమంటాడు?"

"ఏమీ లేదు. బావున్నారా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"బావున్నానన్నాను."

బుల్లెమ్మ ఆమె కేసి కాసేపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలదిరేలా నవ్వింది. నాగమణి నవ్వలేదు. వరండా చివరికి నడిచి, అక్కడ నుంచి మళ్ళీ ఇవతలికి నడిచి, పేరు పిలిచేదాకా అలా తిరుగుతూనే ఉంది.